పక్క చోటు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, మూడో బ్లాకు జంగ్‌మోకి ఎక్కడలేని గిరాకీ వచ్చేది. మిగతా ఏడాదంతా ఆయన లిఫ్టులు బాగుచేసే మామూలు మనిషి. నూనె మరకల నీలం చొక్కా, నడుముకి పనిముట్ల పట్టీ, ఎవరైనా పలకరిస్తే తల వంచి ఒక నవ్వు, అంతే. కానీ మే నెల వచ్చేసరికి చంగ్‌జూ పట్నంలోని ఆ ఎనిమిది బ్లాకుల అపార్టుమెంట్లలో చిన్నపిల్లలున్న తల్లులూ తండ్రులూ ఆయన్ని చెత్త వేరుచేసే చోట కాపుకాసి పట్టుకునేవాళ్ళు.

"దాయిన్ వాళ్ళ నాన్నా, మా చిన్నదానికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. ఏ క్యాంపుకి తీసుకెళ్తే బాగుంటుందంటారు?"

"దాయిన్ వాళ్ళ నాన్నా, మా ఆవిడ మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే రెండు రోజులైనా బిగబట్టుకుని కూర్చుంటుంది. మరి ఎక్కడికెళ్ళమంటారు?"

ఆయన ఖాళీ సీసాల సంచీ కింద పెట్టి, ఫోన్ తీసి, ఓపిగ్గా చెప్పేవాడు. చెప్పడానికి ఆయన దగ్గర సరుకుంది మరి. లిఫ్టుకి నెలనెలా తనిఖీ పట్టీ ఉంటుంది కదా, తాడు, తలుపు, బ్రేకు, దీపం అని? సరిగ్గా అలాంటిదే, టెంటు వేసుకుని ఉండే ఈ క్యాంపులకీ ఒకటి తయారుచేసుకున్నాడు. ముప్పై ఎనిమిది గళ్ళు. మరుగుదొడ్డి టెంటుకి ఎన్ని అడుగుల దూరం, అందులో పిల్లల పీట ఉందా, గిన్నెలు కడిగే చోట వేడినీళ్ళొస్తాయా, వాగు మోకాలి లోతా నడుము లోతా, టెంటు కింద చెక్కలా గులకరాళ్ళా, కార్లు తిరిగే దారికీ పిల్లలు ఆడుకునే చోటుకీ మధ్య అడ్డమేమైనా ఉందా, గెంతే ట్రాంపోలిన్ చుట్టూ వల కట్టారా, యజమాని కోపిష్టా శాంతమూర్తా. ఆఖరిది ఎలా తెలుస్తుందంటారా? ఫోన్ చేసి ఒకే ప్రశ్న మూడుసార్లు అడుగుతాడు. మూడోసారి కూడా విసుక్కోకుండా చెబితే శాంతమూర్తి గడిలో టిక్కు.

ఇక టెంటు వేసే చోటు బుక్ చెయ్యడం ఉందే, అది పెద్ద యుద్ధం. పేరున్న క్యాంపులు నెల మొదటి తారీకున పొద్దున సరిగ్గా పదింటికి బుకింగ్ మొదలుపెడతాయి. అరనిమిషంలో అన్నీ ఊడ్చుకుపోతాయి. ఆ రోజు జంగ్‌మో ఏ మేడమీద పనిలో ఉన్నా సరే, పదికి ఐదు నిమిషాల ముందే లిఫ్టు ఆపేసి, రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని నిలబడతాడు. ఒకసారి ఎవరో పెద్దావిడ కూరగాయల బండితో లిఫ్టు ముందు నిలబడి, "ఏమయ్యా, ఇంకెంతసేపు?" అని కసిరితే, "ఒక్క అరనిమిషం, బామ్మగారూ" అన్నాడట. ఆ అరనిమిషంలోనే సముద్రం పక్కన రెండు చోట్లు సంపాదించాడు. పెద్దావిడ మాత్రం ఏడంతస్తులూ మెట్లెక్కి వెళ్ళింది, తిట్టుకుంటూ.

ఎప్పుడూ రెండు చోట్లే. ఒకటి తనకీ, భార్య హేరిమ్‌కీ, పిల్లలు దాయిన్, రూహాలకీ. దాన్ని ఆనుకుని ఉన్న పక్క చోటు అక్క మీగ్యంగ్‌కీ, అక్క కూతురు సోల్‌కీ.

మీగ్యంగ్ గురించి చెప్పాలంటే, ఆవిడది నోరూ పెద్దదే, చెయ్యీ పెద్దదే. మార్కెట్లో చేపలవాళ్ళ వరస చివర ఆవిడది కర్రీ పాయింట్. పావుకిలో కూర అడిగిన వాళ్ళకి అరకిలో తూచి, "ఏం, చిక్కిపోయావు? ఇంట్లో అన్నం పెట్టట్లేదా మీ ఆయన?" అని ఒక దెబ్బ వేసి మరీ పంపిస్తుంది. తమ్ముడికంటే ఏడేళ్ళు పెద్దది. నాన్న చిన్నప్పుడే పోయాడు, అమ్మ బట్టలమిల్లులో షిఫ్టు పనికి వెళ్ళేది. జంగ్‌మోకి జడుపు జ్వరం వచ్చినా, స్కూల్లో ఎవడైనా కొట్టినా, పరిగెత్తుకొచ్చింది అక్కే. ఆవిడ పెళ్ళాడినాయన లారీ తోలతాడు. పండక్కి తప్ప ఇంట్లో కనబడడు. ఆలస్యంగా, నలభై దగ్గరపడుతుంటే పుట్టింది సోల్.

సోల్‌కి మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవీ కొన్నే. స్కూల్లో ఆ పిల్లకి వేరే గది, వేరే టీచరమ్మ. కానీ మనుషులంటే ప్రాణం పెడుతుంది. లిఫ్టులో ఎక్కిన ప్రతివాళ్ళ మొహంలో మొహం పెట్టి, "బాగా పడుకున్నారా?" అని అడుగుతుంది. అది పొద్దున అడగాల్సిన మాట. ఆ పిల్ల మధ్యాహ్నమూ అడుగుతుంది, సాయంత్రమూ అడుగుతుంది. అడిగి, జవాబు వచ్చేదాకా వదలదు. "ఆఁ, బాగా పడుకున్నానమ్మా" అంటే ఆ నవ్వు చూడాలి!

ఆ నవ్వే ఒక వేసవిలో కొంప ముంచింది.

అది వాగు పక్కన ఉన్న మంచి క్యాంపు. ముప్పై ఎనిమిది గళ్ళలో ముప్పై ఆరింటికి టిక్కులు పడ్డాయి. ఎక్కడైనా ఉండేదే, రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా మర్యాద సమయం, గట్టిగా మాట్లాడకూడదు. సోల్ ఐదున్నరకే లేచింది. తల్లి ఆదమరిచి నిద్రపోతోంది. చుట్టూ చూస్తే ఎన్ని ఇళ్ళు! అన్నింటికీ తలుపులు జిప్పులే. పిల్ల సంబరపడిపోయి ఒక్కో టెంటు జిప్పూ బర్రుమని కిందికి లాగి, తల లోపల పెట్టి, "బాగా పడుకున్నారా?" అని అరిచింది. ఒకటి కాదు, తొమ్మిది టెంట్లు. ఒక టెంటులో నెలల పసివాడు ఉలిక్కిపడి గుక్కపట్టాడు. ఇంకోదాంట్లో ఒకావిడ ఒంటిమీద గుడ్డ సరిగ్గా లేక కెవ్వుమంది. ఒకాయన నిక్కరుతోనే బయటికొచ్చి, "ఎవరి పిల్ల ఇది? ఇలాంటిదాన్ని ఇంట్లో కట్టేసుకోవాలి కానీ జనం మీదికి వదులుతారా?" అని కేకలేశాడు.

జంగ్‌మో లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా తొమ్మిది టెంట్ల దగ్గరికీ వెళ్ళి తొమ్మిదిసార్లు నడుం వంచి క్షమాపణ చెప్పాడు. అందాకా బాగానే ఉంది. పసివాడి తల్లి అడిగింది, "మీ పాపా అండీ?" అని. ఆయన నోట్లోంచి ఠక్కున వచ్చింది, "కాదండీ, కాదు, మా పాప కాదు. మా అక్క కూతురు."

అబద్ధమేమీ కాదు. ఉన్న మాటే. కానీ ఆ మాట ఎంత తొందరగా, ఎంత గట్టిగా వచ్చిందో అక్కడే ఉంది తప్పు. రెండడుగుల వెనక, సోల్ బూట్లు చేత్తో పట్టుకుని మీగ్యంగ్ నిలబడి ఉంది. ఏడింటికల్లా టెంటు మడిచి, "దీనికి ఒంట్లో బాగున్నట్టు లేదురా, మేం బయల్దేరతాం" అంది. జంగ్‌మో, "వచ్చే ఏడు సోల్‌కి సరిపడే చోటు చూస్తానక్కా" అన్నాడు. ఆవిడ, "చూడు నాయనా, నీకు తెలియని చోటుందా?" అని నవ్వింది. నవ్విందని ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. మగవాళ్ళకి అంతకంటే ఏం తెలుస్తుంది!

ఏడాది తిరిగింది. మే నెలలో ఒకరోజు అన్నం తింటూ హేరిమ్ అంది, "ఈసారి పిల్లలకి కాస్త నిద్ర ఉండే చోటు చూడండి. పోయినసారి రూహా వారం రోజులు నిద్రలో ఉలిక్కిపడ్డాడు." అంతే అంది. వదిన గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. తర్వాత జరిగినదానికి హేరిమ్ మీద తోసెయ్యాలని జంగ్‌మో చాలాసార్లు అనుకున్నాడు కానీ, ఆవిడ అన్నది అదొక్కటే.

ఆయనే రాత్రుళ్ళు పక్కమీద ఫోన్ పట్టుకుని వెతికాడు. గ్వేసన్ కొండల్లో, మొక్కజొన్న చేల మధ్యనుంచి వెళ్తే, కొత్తగా తెరిచిన క్యాంపు ఒకటి కనబడింది. దారి ఇరుకు, పేరు రాలేదు ఇంకా, అందుకని జనం తక్కువ. నీళ్ళు మోకాలి లోతు. మరుగుదొడ్లో పిల్లల పీటలు రెండు. అన్నింటికంటే పైన, ఎర్రటి అక్షరాల్లో ఒక నియమం: ఒక చోటుకి ఒక్క కుటుంబమే, బయటివాళ్ళు చూడ్డానికి వచ్చినా లోపలికి రానివ్వం.

ఆ ఎర్ర అక్షరాలు చూసి ఆయన గుండె కుదుటపడింది. ఎందుకు కుదుటపడిందో తనకి తెలుసు. తెలిసీ తెలియనట్టు నటించాడు, తనతోనే.

జూన్ ఒకటో తారీకు. పదైనా ఎవరూ ఎగబడలేదు. ఇరవై చోట్లలో పద్నాలుగు అలాగే ఉన్నాయి. జంగ్‌మో తీరిగ్గా మెట్లమీద కూర్చుని, ఏడో నంబరు ఒక్కటే బుక్ చేశాడు. ఆరూ ఎనిమిదీ రెండూ ఖాళీ. వేలు ఎనిమిది మీదికి వెళ్ళింది కూడా. ఆగింది. తర్వాత అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, ఏం చెప్పమంటావు. పదింటికి నొక్కానా, చూస్తుండగానే అయిపోయాయి. ఒక్కటే దొరికింది."

"అయ్యో! రెండు ఫోన్లూ పెట్టావా?"

"రెండూ పెట్టాను."

"పోనీలేరా, నువ్వు మాత్రం ఏం చేస్తావు. జనం అలా ఉన్నారు. పగటిపూట వచ్చి, సోల్‌ని పిల్లలతో కాసేపు నీళ్ళల్లో ఆడించి, సాయంత్రానికి వెళ్ళిపోతాంలే."

"అదే అక్కా, అక్కడ బయటివాళ్ళని రానివ్వరట. నియమం. రాసి పెట్టారు."

అవతల బాండీలో ఏదో వేగుతున్న చప్పుడు వచ్చింది.

"ఓహో. సరే మరి," అంది మీగ్యంగ్. "సోల్‌కి చెప్పేశాను కానీ... సరేలే, ఏదో ఒకటి చెబుతాను. నువ్వు దాని గురించి బెంగపెట్టుకోకు."

బెంగపెట్టుకోకు అని అక్క చెప్పింది కదా, ఈయన పెట్టుకోలేదు. ఆ సాయంత్రమే క్యాంపు యజమానికి ఫోన్ చేసి ముప్పై ఎనిమిది గళ్ళూ పూర్తిచేశాడు. యజమాని శాంతమూర్తి. ఆఖర్న ఇంకొకటి కూడా అడిగాడు జంగ్‌మో, "మా పక్కన గోల చేసే పిల్లలెవరైనా ఉంటారా అండీ?" అని.

జూలై చివర్లో వెళ్ళారు. శుక్రవారం సాయంత్రం టెంటు వేసుకున్నారు, పంది మాంసం కాల్చుకుని తిన్నారు, పిల్లలు తొమ్మిదింటికే సోలిపోయారు. శనివారం పొద్దున ఎనిమిది దాటాక లేచారు. హాయిగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. పదకొండుకి హేరిమ్ పిల్లలిద్దర్నీ తీసుకుని వాగుకి వెళ్ళింది. జంగ్‌మో కుర్చీ వేసుకుని, పుచ్చకాయ ఎక్కడ చల్లబెట్టాలా అని చూస్తున్నాడు. ఫోన్ మోగింది. యజమాని.

"ఏడో నంబరు గారూ, గేటు దగ్గర మీ అక్కగారట, కూరలు తెచ్చారు. వస్తారా?"

జంగ్‌మో పుచ్చకాయని కుర్చీలో పెట్టి బయల్దేరాడు.

గేటు దగ్గర కర్రీ పాయింట్ వాన్ ఆగి ఉంది. మీగ్యంగ్ చేతుల్లో నాలుగరల టిఫిన్ డబ్బా. పక్కన సోల్, కొత్త టోపీ పెట్టుకుని. గడ్డిటోపీ పెద్దాయన, క్యాంపు యజమాని, ఆవిడ ఇచ్చిన మొక్కజొన్న కండె కొరుకుతూ కబుర్లలో పడ్డాడు. మీగ్యంగ్ ఎక్కడికెళ్ళినా రెండు నిమిషాల్లో ఎవరికో ఒకరికి తినడానికేదో పెట్టేస్తుంది.

"లోపలికి రాములే, భయపడకు," అంది తమ్ముణ్ణి చూసి. "కౌజుపిట్ట గుడ్లు సోయాలో ఉడికించాను, దాయిన్‌కి ఇష్టమని. చల్లటి దోసకాయ పులుసుంది, ముందు అది తినేయండి, ఎండకి పాడవుతుంది. ఇచ్చేసి వెళ్ళిపోతాం. ఇది మామయ్యని చూస్తానని ఒకటే గొడవ."

"ఇంత దూరం ఎందుకక్కా, ఈ ఎండలో..." అన్నాడు జంగ్‌మో.

పెద్దాయన పాపం మంచివాడు. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కు. "ఈయనేనా అమ్మా మీ తమ్ముడు! అబ్బో, ఫోన్లో నా బుర్ర తినేశాడనుకోండి. నీళ్ళెంత లోతు, దీపం ఎన్నింటికి ఆర్పుతారు... మూడేసిసార్లు! పక్కన గోల చేసే పిల్లలుంటారా అని కూడా అడిగాడు. లేరు బాబూ, ఆరూ ఖాళీయే, ఎనిమిదీ ఖాళీయే, మొదట్నించీ ఎవరూ తీసుకోలేదు అంటే అప్పుడు వదిలాడు. అదిగో చూడండి."

చూపించాడు. గేటు పక్కన తెల్లబోర్డు మీద క్యాంపు పటం గీసి ఉంది. నిండిన చోట్ల మీద ఎర్రబిళ్ళలు అంటించారు. ఇరవైలో తొమ్మిది బిళ్ళలు. ఏడు మీద ఒకటి. దానికి అటూ ఇటూ తెల్లగా ఉంది.

మీగ్యంగ్ బోర్డుని చూసింది. బాగా చూసింది. కూరలమ్మే మనిషి, ఒక్క చూపులో లెక్క తేల్చేస్తుంది. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "అవునండీ, వాడికి చిన్నప్పట్నుంచీ అంతే. అన్నీ కనుక్కుని గానీ అడుగెయ్యడు," అంది. గొంతులో ఏ తేడా లేదు. జంగ్‌మోకి మాత్రం నిలువునా తలకొట్టేసినట్టయింది.

"పాపని రానివ్వండమ్మా, కాసేపు నీళ్ళల్లో ఆడుకుంటుంది. నియమాలు మనుషుల కోసమే కానీ..." అంటున్నాడు పెద్దాయన. అప్పటికే సోల్ వెళ్ళిపోయింది. మామయ్య ఆకుపచ్చ టెంటు ఆ పిల్లకి దూరం నుంచే తెలుసు. గులకరాళ్ళ మీద టకటకా పరిగెత్తింది. జంగ్‌మో వెనకే పరిగెత్తాడు. చుట్టూ టెంట్ల ముందు జనం కూర్చుని ఉన్నారు. మళ్ళీ ఏం గొడవవుతుందో అని, నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా ఆయన భయపడింది దానికే.

సోల్ టెంటు ముందు ఆగింది. జిప్పుకి జానెడు దూరంలో. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. తర్వాత, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి అంది.

"ఎవరైనా ఉన్నారా? నేను సోల్‌ని. రావచ్చా?"

లోపల ఎవరూ లేరు. అందరూ వాగు దగ్గర. సోల్ నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది.

వెనకనుంచి వచ్చి మీగ్యంగ్ తమ్ముడి పక్కన నిలబడింది. పిల్లకి వినబడకుండా, మెల్లగా చెప్పింది.

"దుకాణం వెనకగదిలో టెంటు వేశాను, పోయిన ఏడు మీ దగ్గర్నుంచి వెళ్ళిన వారానికే. రోజూ పొద్దున్నే నేను లోపల కూర్చుంటాను, అది బయట నిలబడి అడగాలి. నేను రమ్మంటేనే రావాలి. పది లెక్కపెట్టేలోపు రమ్మనకపోతే వెనక్కి వెళ్ళిపోవాలి. మొదట్లో ఏడ్చేది రా, జిప్పు పట్టుకుని వేళ్ళాడేది. చలికాలమంతా పట్టింది. ఇప్పుడు వేలు కూడా పెట్టదు, చూడు."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వే చూస్తావు కదా అనుకున్నాను. క్యాంపుకొచ్చినప్పుడు."

సోల్ ఏడు దగ్గరుంది. ఎనిమిది. జంగ్‌మో అక్కడే ఉన్నాడు, ఐదడుగుల దూరంలో. "రామ్మా" అంటే అయిపోయేది. ఒక్క మాట. టెంటు వెనకవైపు కూడా తలుపుంది, దూరి లోపల్నించి పిలిచినా అయిపోయేది. కదల్లేదు. ఏళ్ళ తరబడి అర సెకనులో వేలు నొక్కడం నేర్చుకున్న మనిషి, పది లెక్కపెట్టేలోపు ఒక్క మాట అనలేకపోయాడు.

పది అయింది. సోల్ వెనక్కి తిరిగింది. తల్లిని చూసి మొహమంతా వెలిగిపోయింది.

"అమ్మా! నేను తియ్యలేదు!"

"చూశాను బంగారం. చూశాను." మీగ్యంగ్ కూతురి టోపీ సర్దింది. "పద, వెళ్దాం. మామయ్య వాళ్ళు లోపల లేరట."

జంగ్‌మో వాన్ దాకా వాళ్ళ వెంటే వెళ్ళాడు. "అక్కా, ఆగు. పక్క చోటు ఇప్పుడే తీసుకుంటాను. ఎనిమిదో నంబరు. టెంటు నా దగ్గర ఇంకోటి ఉంది. ఇక్కడే ఉండండి, రేపు కలిసి వెళ్దాం."

"వద్దురా. సాయంత్రం దుకాణం తెరవాలి."

"కోపమొచ్చిందా అక్కా? తిట్టు. నాలుగు తగిలించు."

వాన్ తలుపు తీస్తూ ఆవిడ ఆగింది. "కోపమేంటి నీ మొహం. 'అక్కా, ఈసారి మేం విడిగా వెళ్తాం, పిల్లలకి నిద్ర ఉండట్లేదు' అని ఉంటే తిట్టేదాన్ని, రెండు రోజులు మాట్లాడకుండా ఉండేదాన్ని, అయిపోయేది. దీన్ని పెంచుతున్నది నేను కదా, నాకు తెలీదా దీంతో ఎంత కష్టమో?" అంది. ఒకసారి ఊపిరి తీసుకుని, "రెండు నెల్లుగా దీనికి రోజూ చెబుతున్నాను. మామయ్య మనకోసం చాలా కష్టపడ్డాడమ్మా, రెండు ఫోన్లు పెట్టాడు, అయినా దొరకలేదు అని. అది నమ్మింది. నేనూ నమ్మాను," అంది.

వాన్ మొక్కజొన్న చేల మధ్య దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం పిల్లలు గుడ్లన్నీ తినేశారు. "అత్త లోపలికి ఎందుకు రాలేదు నాన్నా?" అని దాయిన్ అడిగింది. జంగ్‌మో లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళాడు, ఇంకా అన్నం సగమైనా తినకుండానే.

ఆ తర్వాత బంధుత్వమేమీ తెగిపోలేదు. అదీ అసలు బాధ. తెగితే అతికించుకోవచ్చు. మీగ్యంగ్ ఫోన్ చేస్తే ఎత్తింది, పండక్కి వచ్చింది, అమ్మ తద్దినానికి తెల్లారకముందే వచ్చి వంటంతా ఎత్తుకుని చేసింది. హేరిమ్‌తో నవ్వుతూ మాట్లాడింది. రూహాకి చలికోటు కొనిపెట్టింది. తమ్ముడికి తిట్లు మాత్రం పడలేదు. పూర్వం ఇంట్లో అడుగుపెడుతూనే, "ఏరా గాడిదా, గడ్డం గీసుకోలేవా?" అనేది. ఇప్పుడు, "బాగున్నావా? పని ఎలా ఉంది?" అంటుంది. ఆ మర్యాద చూస్తే జంగ్‌మోకి అన్నం సహించేది కాదు. "ఒకసారి వెళ్ళి కాళ్ళమీద పడండి, పోతుంది" అని హేరిమ్ అంది. వెళ్ళాడు. దుకాణంలో నిలబడి, "తప్పు చేశానక్కా" అన్నాడు. "ఎప్పటి సంగతి రా అది, ఇంకా పట్టుకుని కూర్చున్నావా?" అని ఆవిడ ముల్లంగి కిమ్చీ పచ్చడి పొట్లం కట్టి చేతిలో పెట్టింది. వెనకాల నలుగురు కొనడానికి నిలబడి ఉన్నారు. పొట్లం పట్టుకుని పక్కకి జరిగాడు.

మళ్ళీ జూన్ వచ్చింది. ఈ ఏడాదిలో గ్వేసన్ క్యాంపుకి పేరొచ్చింది. అడిగినవాళ్ళకల్లా దాన్నే చెప్పింది జంగ్‌మోయే మరి. పదింటికి నిజంగానే ఎగబడ్డారు. అయినా ఏడూ ఎనిమిదీ రెండూ దొరికాయి. చెమట తుడుచుకోకుండానే అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, దొరికాయి! రెండూ! పక్కపక్కనే! సోల్‌కి చెప్పు!"

"మంచి పని చేశావు," అంది మీగ్యంగ్. "మీరు వెళ్ళి రండి. మేం ఈ ఏడు ఎక్కడికీ వెళ్ళట్లేదు."

"దుకాణం రెండు రోజులు మూస్తే ఏమవుతుందక్కా? సోల్ కోసం..."

"దానికి టెంటు మీద ధ్యాస పోయిందిరా. పోయిన వేసవి తర్వాత కొన్నాళ్ళు వెనకగదిలో టెంటు ముందు నిలబడి అడిగేది. నేను లోపలుండి రమ్మన్నా లోపలికొచ్చేది కాదు. పది లెక్కపెట్టి వెళ్ళిపోయేది. ఏమిటే అంటే, 'మామయ్య లేడు' అనేది. ఎందుకులే అని తీసి మడిచి పైన పెట్టేశాను."

జంగ్‌మో లిఫ్టు పక్క మెట్లమీదే కూర్చుండిపోయాడు. అరగంట తర్వాత ఎవరో లిఫ్టు ఇంకా ఎందుకు రాలేదని కిందనుంచి అరిస్తే లేచాడు.

ఎనిమిదో నంబరు రద్దు చెయ్యమని హేరిమ్ రెండుసార్లు చెప్పింది. చెయ్యలేదు. జూలై చివర్లో నలుగురూ వెళ్ళారు. క్యాంపు కిటకిటలాడుతోంది. ఏడో నంబరులో ఆకుపచ్చ టెంటు వేశాడు. పక్కన ఎనిమిదో నంబరు చెక్కలు నీళ్ళు పోసి కడిగాడు.

శనివారం పొద్దున, చంకలో పిల్లని ఎత్తుకుని ఒక కుర్రతండ్రి వచ్చాడు. వెనక భార్య, ఇంకో బుడ్డోడు. వాళ్ళకి మరుగుదొడ్డి పక్కన చోటు వచ్చిందట. "అన్నా, ఏమీ అనుకోకండి. ఈ పక్కది నిన్నట్నుంచీ ఖాళీగానే ఉంది కదా. ఎవరిదో తెలుసా? పిల్లలకి వాసన పడట్లేదు, ఇటు మారదామని."

"మాదే," అన్నాడు జంగ్‌మో. "మా అక్కవాళ్ళు వస్తారు. దారిలో ఉన్నారు."

"ఓ, సరే సరే, అలాగే అన్నా." కుర్రవాడు తల వంచి వెనక్కి తిరగబోయాడు.

చెక్కల మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్న దాయిన్ తలెత్తింది. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంట్లో మాటలన్నీ వింటుంది. "అత్త రానంది కదా నాన్నా?"

కుర్రతండ్రి ఆగాడు. ఆయన భార్య ఇబ్బందిగా బుడ్డోడి చెయ్యి పట్టుకుంది. హేరిమ్ పొయ్యి దగ్గర వంచిన తల ఎత్తలేదు. జంగ్‌మోకి ఇంకో అబద్ధం సిద్ధంగానే ఉంది నాలుక మీద. సాయంత్రానికి రావచ్చు, అనుకోకుండా పని పడింది, ఏదో ఒకటి. ఆ పిల్ల మొహం చూస్తే అది బయటికి రాలేదు.

"అవునమ్మా, రాదు," అన్నాడు. తర్వాత ఆ కుర్రవాడితో, "రాదు బాబూ. పోయినేడు వస్తానంటే నేనే రానివ్వలేదు. మీరు తీసుకోండి, నేను ఆఫీసులో చెబుతాను," అన్నాడు.

వాళ్ళు సామాన్లు తెచ్చుకోవడానికి వెళ్ళారు. జంగ్‌మో గేటు దగ్గరికి నడిచి, తెల్లబోర్డు ముందు పెద్దాయనకి చెప్పి, ఎనిమిది మీదున్న తన ఎర్రబిళ్ళ తనే తీశాడు.